డ్రమ్ము అడుగున ఎర్ర తేదీ

ఇవాళ మే ఇరవై నాలుగు. నా ఎడమ మూత్రపిండం తీసేసి నూట తొంభై మూడు రోజులైంది. మొన్నటి స్కానులో ఏమీ లేదన్నారు, మూడు నెలలాగి మళ్లీ రమ్మన్నారు. ఇప్పుడు కూర్చుంటే గంటసేపు రాయగలుగుతున్నాను. నాలాగ ఆస్పత్రి బల్లల మీద కూర్చుని భయపడేవాళ్లకి కాస్త ధైర్యంగా ఉంటుందని మొదట జబ్బు గురించే రాద్దామనుకున్నాను. కాని ఆ జబ్బు మధ్యలో నేను చేసిన పని ఒకటుంది. దాన్ని దాటేసి రాస్తే ఈ కాగితం దండగ.

మాది బరంపురం గేట్ బజారు. మా మామగారి కాలం నుంచి చింతపండు, మిరపకాయలు, పప్పులు టోకుగా అమ్ముతున్నాం. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఆ వెనక పెరడు, పెరట్లో నుయ్యి. మా ఆయన పోయి తొమ్మిదేళ్లైంది. కొట్టు మా అబ్బాయి చూసుకుంటాడు. నాకు డెబ్బై రెండు నిండాయి. తేదీ వెయ్యనిదే ఏ వస్తువూ నా చేతిలోంచి కదలదు. ఊరగాయ జాడీకి తేదీ, కొత్త చీపురుకి తేదీ, గ్యాసు బండకి తేదీ. మా కోడలు సుజాత కొత్తలో "అత్తయ్య నన్ను కూడా తిరగేసి చూస్తే ఎక్కడో తేదీ ఉంటుంది" అని నవ్వేది. ఆ మాటకి నేనూ నవ్వేదాన్ని.

సెప్టెంబరు 14 నుంచి అక్టోబరు 7 దాకా

సెప్టెంబరు పద్నాలుగు పొద్దున స్నానాలగదిలో ఎర్రగా కనపడింది. నొప్పి లేదు. ముందురోజు బీట్‌రూట్ కూర తిన్నానని సరిపెట్టుకున్నాను. పదిహేనున కూడా కనపడింది. పదహారున లేదు. పదిహేడున మళ్లీ.

ఇరవై మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఈ వయసులో ఇదేమిటి, మగపిల్లాడితో ఎలా చెప్పను, కోడలితో ఏమని చెప్పను అని. మూడు చెంబులు నీళ్లు పోసి, కడిగి, మళ్లీ చూసి బయటికొచ్చేదాన్ని. నా లంగాలు నేనే ఉతుక్కోవడం మొదలుపెట్టాను. సుజాతకి అక్కడే అనుమానం వచ్చింది. అక్టోబరు ఏడున నా చేతిలోంచి బకెట్టు లాక్కుంది.

"ఎన్నాళ్ల నుంచి, అత్తయ్యా?"

"ఇరవై మూడు."

"లెక్కపెడుతూ కూర్చున్నారా? ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా మీకు?"

పెళ్లై పద్నాలుగేళ్లలో ఆ పిల్ల నా మీద గొంతు పెంచడం అదే మొదలు. పెంచి, వెంటనే నా పక్కన చప్టా మీద కూలబడి ఏడ్చింది. చదివేవాళ్లలో ఎవరైనా ఇలా లోపల లోపల లెక్కపెట్టుకుంటూ ఉంటే నా మాట వినండి. మొదటిరోజే చెప్పండి. లెక్క వైద్యం కాదు.

అక్టోబరు 9 నుంచి 28 దాకా

పెద్దాస్పత్రిలో పొద్దున్న ఆరుకే టోకెను కోసం వరస మొదలవుతుంది. నేను అంతసేపు నిలబడలేను. సుజాత ఇంట్లో వంట చేసి, పిల్లని బడికి పంపి రావాలి. మా అబ్బాయి కొట్టు తియ్యాలి. మొదటిరోజే ఇంట్లో అందరూ అందరి మీదా విసుక్కున్నారు. అప్పుడు చింతపండు కోసం కొట్టుకొచ్చిన నూకాలు అడిగింది, "నానున్నాను కదా?" అని.

నూకాలుది మార్కండి, ఛత్రపురం దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. ఎండు చేపలు అమ్ముతుంది, ఇంటి అరుగు మీద చిన్న దుకాణం నడుపుతుంది. పదకొండేళ్లుగా దానికి కావలసిన చింతపండు, మిరపకాయలు మా దగ్గరే పట్టుకెళ్తుంది. వస్తే కొట్టు బయట బల్ల మీద కూర్చునేది. ఆవిడకి విడిగా ఒక గాజు గ్లాసు కిటికీలో ఉండేది. చేపల వాసన అని మేం పైకి అనలేదు. గ్లాసు మాత్రం అక్కడే ఉండేది.

ఆ నూకాలు మార్కండి నుంచి మొదటి ఆటో పట్టుకుని వచ్చి నా కోసం వరసలో నిలబడింది. ఒకరోజు రెండురోజులు కాదు, ఏడు రోజులు. నేను రాసి పెట్టుకున్నాను. ముందుకి దూరబోయిన వాళ్లని ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి కడిగేసేది.

"ఏటి బావూ, నీ ఒక్కడికే జబ్బా? మేమంతా సినిమాకొచ్చినామేటి?"

వరసంతా నవ్వేది. నాకు కూడా నవ్వొచ్చేది. గడ్డ ఉందని, అది మంచిది కాదని, మూత్రపిండం మొత్తం తీసెయ్యాలని తెలిసిన రోజున కూడా ఆవిడ అన్న మాటకే నవ్వాను. "రెండిచ్చినాడు కదా దేవుడు. ఒకటి ఆడికిచ్చీ. ఒంటి ఎద్దుతో దున్నుకునేవోల్లు నేరా?"

ఇరవై ఎనిమిదిన మా టోకెను ముప్పై నాలుగు. హాల్లో నా పక్కన ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. ఒడియా మనిషే గాని ఇచ్ఛాపురం అల్లుడట, తెలుగు బాగా మాట్లాడతాడు. ఒక విమానాల మైదానంలో మంటలార్పేవాళ్లకి తర్ఫీదు ఇచ్చేవాడు, రిటైరయ్యాడు. అందరూ ఫైర్ సారంటారు. ఆయనకీ మూత్రపిండంలోనే గడ్డ. ఆ మైదానం పేరు నేను రాయను. రాస్తే నా తప్పు వాళ్ల మీదకి తోసినట్టుంటుంది.

ఊసుపోక సుజాత అడిగింది, విమానం మంట ఎలా ఆర్పుతారని.

"ఇనప డొక్కు ఒకటి పెట్టేవాళ్లమమ్మా, విమానం అనుకోమని. గోతిలో కిరసనాయిలు పోసి అంటించేవాళ్లం. కుర్రాళ్లు నురగమందు కొట్టి ఆర్పాలి. మంట మీద తెల్లగా పెరుగు పరిచినట్టు పరుచుకునేది. చూడ్డానికి బలే ఉండేది. వారానికో రోజు."

"ఆ నురగంతా ఏమయ్యేది?"

"కాలవలోకి పోయేది. అక్కణ్ణించి పొలాల్లోకి. ఎవరూ మమ్మల్ని అడగలేదు, మేమూ ఎవర్నీ అడగలేదు." చేతులు ఒకసారి చూసుకున్నాడు. "ఇప్పుడు మార్చేరు. గోతికి కింద దళసరి షీటు వేసి సిమెంటు చేసేరు. మామూలు తర్ఫీదంతా ఒట్టి నీళ్లతోనే. నురగ తప్పదంటే కొత్తరకం మందు, ఆ పాత ఫ్లోరిన్ సరుకు లేనిది. పారిన నీరు చుక్క బయటికి పోకుండా తొట్టిలో పడతాది. మిగిలిపోయిన పాతమందు కంపెనీవాళ్లే తీసుకుపోయేరు."

"మరి ఖాళీ డ్రమ్ములేం చేశారు?" అన్నాను. ఇది అడిగింది సుజాత కాదు, నేను.

"బొక్కలు కొట్టి అవీ వాళ్లకే పంపుతున్నారు మావుసీ, ఎవరూ మళ్లీ వాడకుండా. మా రోజుల్లో అయితే స్క్రాపు వాళ్లకి ఇచ్చేసేవాళ్లం. నీలం డ్రమ్ములు, దిట్టమైనవి. ఎవరు నీళ్లకి వాడుకున్నారో పాపం."

"కడిగితే పోదా?"

"కొంత పోద్ది. కొంత ప్లాస్టిక్కుని పట్టుకునే ఉంటాది. పోయిందైనా ఎక్కడికి పోద్ది? భూమిలోకే కదా. దాన్ని ఎండ తినదు, మట్టి తినదు. కాచినా చావదు. నీళ్లలో దిగిందంటే ఏళ్ల తరబడి ఉంటాది. తాగినవాళ్ల మూత్రపిండాలకి మంచిది కాదంటున్నారిప్పుడు." నా మొహం చూసి కాబోలు అడిగాడు, "మీకు తెలిసినవాళ్లెవరైనా కొన్నారేటి?"

"లేదు," అన్నాను.

సరిగ్గా అప్పుడే వరస మొదట్లోంచి నూకాలు చెయ్యెత్తింది. "సావుకారమ్మా, రాయే, మనదొచ్చినాది!" రెండో చేతిలో ఆకులో కట్టిన ఇడ్లీలున్నాయి. నేను పొద్దున్నించి ఏమీ తినలేదని బయటికెళ్లి తెచ్చింది. ఆ రెండిడ్లీలూ తిన్నాను.

డ్రమ్ముల సంగతి

ఇక్కడ ఆగి చెప్పాలి. మా కొట్లలో ఖాళీ డబ్బా పారెయ్యరు. నూనె డబ్బా ఖాళీ అయితే అందులో బెల్లం పోస్తాం, బెల్లం అయిపోతే అదే డబ్బా బియ్యానికి ఎవరికో ఇస్తాం. "ఖాళీ డబ్బా సగం సరుకు" అనేవారు మా ఆయన. అది ఏం పోసిన డబ్బా అని అడగం, చిల్లి ఉందా లేదా అనే చూస్తాం. అయిదేళ్ల కిందట స్క్రాపు వ్యాపారి ఒకడు నీలం డ్రమ్ములు తెచ్చినప్పుడు నేను అదే చూశాను, చిల్లి. లోపల ఏం ఉండేదంటే, "సబ్బులాటిదమ్మా, మంటలార్పేది" అన్నాడు. సబ్బే కదా అనుకున్నాను.

మార్కండిలో నేల నీళ్లు ఉప్పన. తాగడానికి ట్యాంకరొస్తుంది, అదీ వారానికి రెండుసార్లు. పట్టుకుని దాచుకోవడానికి ప్రతి ఇంటికీ డ్రమ్ము కావాలి. నూకాలు ద్వారా ఆ పల్లెకి డ్రమ్ములు అమ్మింది నేను. పై మూత కోయించి, మా పెరట్లో నిలబెట్టి నా కళ్లెదుట కడిగించాను. మొదటి కడుగుకి నురగ మోకాళ్ల దాకా వచ్చేది. నాలుగో కడుగుకి పాదాల దాకా. పదకొండో కడుగుకి ఒక్క బుడగ ఉండేది కాదు. బుడగ కనపడితే ఒప్పుకునేదాన్ని కాదు, మళ్లీ పొయ్యమనేదాన్ని. అప్పుడు డ్రమ్ము తిరగేసి, అడుగున ఎర్ర పెయింటుతో నా చేత్తో నెంబరు వేసి, కింద కడిగిన తేదీ రాసేదాన్ని. బజారులో ఇంకెవరూ ఇలా ఇవ్వరని చెప్పుకునేదాన్ని. మార్కండిలో "తేదీ డ్రమ్ము" అంటే నమ్మకం.

మొత్తం అరవై ఒక్క డ్రమ్ములు. యాభై రెండు మార్కండికి, ఏడు మా ఇంటి వాడకానికి, రెండు అమ్ముడుపోక పెరట్లో మూలన. ఒక్కొక్కటి పదకొండుసార్లు అంటే ఆరువందల డెబ్బై ఒక్క కడుగులు. ఆ నీళ్లన్నీ నూతి పక్కన మేం తవ్వించుకున్న ఇంకుడు గుంతలోకి పోయాయి. మా నుయ్యి తియ్యని నుయ్యి. మునిసిపాలిటీ కుళాయి బట్టలకే, తాగడానికి నుయ్యే అని మాకు గొప్ప. నేను ఎంత శుభ్రంగా కడిగానో అంతా మా నూతిలో పోసుకున్నాను. అక్కడితో ఆగితే నా ఖర్మ అనుకునేదాన్ని.

అక్టోబరు 29 నుంచి జనవరి 4 దాకా

మర్నాడే ఇంట్లో చెప్పాను, డాక్టరుగారు నూతినీళ్లు తాగొద్దన్నారు, క్యాన్ల నీళ్లు తెప్పించండి అని. డాక్టరుగారు అలా అనలేదు. మా అబ్బాయి ఆ సాయంత్రమే తెప్పించాడు. మా మనవరాలు ఆ రోజు నుంచి నూతినీళ్లు ముట్టలేదు.

మార్కండికి నేను కబురు పెట్టలేదు.

ఎందుకని ఇప్పటికీ నన్ను నేను అడుగుతాను. ఆపరేషను ముందుంది, భయంలో ఉన్నాను అని చెప్పుకోవచ్చు. నిజమే, భయపడ్డాను. కాని నూతి గురించి ఆలోచించేపాటి తెలివి ఆ భయంలోనూ ఉంది కదా. నూకాలుకి చెప్తే వరసలో ఎవరు నిలబడతారని ఒక ఆలోచన వచ్చింది. వచ్చిందని రాస్తున్నాను. బజారులో తెలిస్తే తేదీ వేసిన సరుకు పరువేమవుతుందని ఇంకో ఆలోచన. ఈ రెండో ఆలోచనే బలమైనది.

నవంబరు పన్నెండున ఆపరేషను. దాని గురించి నాకు గుర్తున్నది చలి, ఆ తరవాత దాహం. మొదటి రోజు నీళ్లివ్వలేదు, దూదితో పెదాలు తడిపారు. వార్డులో పక్క మంచం మనిషి, ఎవరో అస్కా వైపు నుంచి వచ్చిన పెద్దావిడ, తన కూతురి చేత నా కాళ్లకి కూడా దుప్పటి కప్పించేది. ఆవిడ పేరు కూడా నేను అడగలేదు. నూకాలు రెండుసార్లు వచ్చింది. లోపలికి ఒక్కరినే పంపుతారు గనక సుజాత బయటికెళ్లి ఆవిడని పంపింది. నా మంచం మీద కూర్చోలేదు. నిలబడే నా పాదాలు పిసికింది. రెండోసారి వచ్చినప్పుడు ఒక మొగలి రేకు తెచ్చి తలగడ కింద పెట్టింది.

"మందుల కంపు పోద్ది. పడుకో."

ఇరవై ఒకటిన ఇంటికి వచ్చాను. డిసెంబరంతా గోడ పట్టుకుని నడిచాను. సుజాత నాకు స్నానం చేయించేది. ఒకరి చేత ఒళ్లు కడిగించుకోవడం ఎంత కష్టమో, ఆ కడిగే మనిషి దాన్ని కష్టమనిపించకుండా చెయ్యడం ఎంత గొప్పో అప్పుడే తెలిసింది. గాయం దగ్గరికి వచ్చేసరికి పాట ఎత్తుకునేది, నేను చూడకుండా.

జనవరి నాలుగున నూకాలు కొట్టుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"సావుకారమ్మా, మా అమ్మి పురిటికొస్తంది. ఇంటినిండా మనుషులు. రెండు డ్రమ్ములు కావాల. తేదీవే ఇయ్యి."

"స్టాకు లేదు, నూకాలూ."

"మరవేటి?" అని తలుపు సందులోంచి పెరడు కేసి చూపించింది. మూలన రెండు నీలం డ్రమ్ములు, ఎర్ర అంకెలు పైకే ఉన్నాయి.

"అవి వేరేవాళ్లకి ఇచ్చేశాం."

"సర్లే. ఉన్నవోటితోనే సరిపెట్టుకుంతాను. తోమీసి ఎండలో పెడతాను." అని చింతపండు పట్టుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. వచ్చి, ఒక అబద్ధం చెప్పి వెనక్కి పోయింది.

జనవరి 19

పదిహేను రోజుల తరవాత నేనూ సుజాతా మందులు రాయించుకోడానికి వెళ్లాం. డాక్టరుగారు నీళ్లు బాగా తాగమన్నారు. సుజాత, "క్యాన్ల నీళ్లే ఇస్తున్నామండి, మీరు నుయ్యి వద్దన్నారు కదా" అంది.

"నేనా? ఎప్పుడు?" అన్నాడాయన.

సుజాత ఆటో దిగి ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అడిగింది. చెప్పాను. ఫైర్ సారు చెప్పిన రోజు నుంచి మొత్తం చెప్పాను. నూతి మాటకి అరుస్తుందనుకున్నాను. తన పిల్ల పుట్టినప్పటి నుంచి ఆ నీళ్లే తాగింది. సుజాత కళ్లలో నీళ్లు తిరిగాయి గాని అరవలేదు.

"అంటే అత్తయ్యా, మన కుండలో నీళ్లు మార్చేసి, వాళ్ల డ్రమ్ములు వాళ్లకే వదిలేశారా?"

సుజాత అక్కణ్ణించే గుమ్మం కేసి తిరిగింది.

"ఆటో ఇంకా వీధి చివర ఉంటాది. నేను పిలుస్తాను. మీరు చీర మార్చుకుంటారా, ఇలాగే వస్తారా?"

ఇలాగే వెళ్లాను. కుట్లు లాగుతుంటే పొట్ట చేత్తో పట్టుకుని ఛత్రపురం మీదుగా ఆటోలో. పదకొండేళ్ల పరిచయంలో నేను నూకాలు ఇంటికెళ్లడం అదే మొదటిసారి.

ఆవిడ నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. అరుగు మీద చాప వేసింది. కూతురు తొమ్మిదో నెల పొట్టతో గుమ్మంలోకి వచ్చి నవ్వింది. నూకాలు లోపలికి వెళ్లి, మూల ఉన్న నీలం డ్రమ్ములోంచి నీళ్లు ముంచింది. కొత్తగా తోమిన స్టీలు గ్లాసు. అందించింది.

నేను పట్టుకున్నాను. తాగలేకపోయాను.

ఆవిడ చూస్తోంది. మొహం మారిపోయింది.

"మా ఇంట్లో నీళ్లు తాగవేటి? సేపల కంపా? నాను నీ కాళ్లు పిసికినప్పుడు నేదా కంపు?"

"నీ నీళ్లు కాదు, నూకాలూ. నా డ్రమ్ము."

అక్కడ కూర్చుని చెప్పాను. కూతురు గుమ్మం పట్టుకుని నిలబడే వింది. నూకాలు అంతా అయ్యాక ఒకటే అడిగింది.

"నీకెప్పుడు తెలిసినాది?"

తేదీ చెప్పడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. ఆ రోజు కష్టమైంది.

"అక్టోబరు ఇరవై ఎనిమిది."

"ఆ రోజు నాను నీకు ఇడ్లీ తెచ్చినాను."

"తెచ్చావు."

"ఎన్ని రోజులైనాది? నువ్వు లెక్క కట్టీసుంతావు, సెప్పు."

"ఎనభై మూడు."

గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది. అరుగు దిగి ఇసకలో పోసింది. "కడిగి ఇచ్చినాననీదానివి," అంది. "బుడగ నేకుండా కడిగి ఇచ్చినాననీదానివి. నాను ఇంటింటికీ ఎల్లి సెప్పినాను, మా సావుకారమ్మ తేదీ ఏసి ఇస్తాదని. నా నోటితో సెప్పినాను." తరవాత వీధిలోకి తిరిగి, ఆస్పత్రి వరసలో అరిచినట్టే గొంతెత్తింది. "ఓలమ్మో, నీలం డ్రమ్ముల నీల్లు తాగకండి! పిల్లలకి పొయ్యకండి!"

తలుపులు తెరుచుకున్నాయి. ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. అందరూ నన్ను చూశారు. ఆ చూపులు ఎన్నో నేను లెక్కపెట్టలేదు. తల దించుకుని ఉన్నాను.

ఒక ముసలాయన మాత్రం అడిగాడు, "మరి నీల్లు దేంట్లో పట్టుకోవాల?" కోపంగా కాదు, నిజంగానే. మర్నాడు ట్యాంకరొచ్చే రోజు.

మర్నాడు ట్యాంకరు కంటే ముందు మా అబ్బాయి లారీలో యాభై రెండు కొత్త డ్రమ్ములు వేసుకుని వెళ్లాడు, నీళ్లకోసమే తయారైనవి. రాత్రి నాతో మాట్లాడలేదు. ఆ తరవాత తొమ్మిది రోజులు మాట్లాడలేదు.

ఫిబ్రవరి, మార్చి

ఫైర్ సారుకి సుజాత ఫోను చేసింది. నాకు తెలిసినవాళ్లెవరూ కొనలేదని అన్నది అబద్ధమని చెప్పమన్నాను. చెప్పింది. ఆయన "తెమ్మనండి, ఎన్నున్నాయో అన్నీ," అన్నాడట.

మొదటిసారి నలభై అయిదు వెనక్కి వచ్చాయి. మా ఏడు, మూలనున్న రెండు కలిపి లారీలో ఆయన పనిచేసిన మైదానానికి వెళ్లాయి. నేనూ వెళ్లాను. మైదానం ఆయన చెప్పినట్టే ఉంది. సిమెంటు తొట్టిలో ఇనప విమానం డొక్కు, కుర్రాళ్లు దాని మీద ఒట్టి నీళ్లు కొడుతున్నారు. నీళ్లు వాలుగా పారి జల్లెడలోంచి ఒక మూత వేసిన తొట్టిలోకి పోతున్నాయి. గట్టు అవతల పాత కాలవ ఉంది. దాన్ని తవ్వి ఆ మట్టి ఎత్తి టార్పాలిన్ల కింద కప్పి ఉంచారు. అది ఎక్కడికి పంపాలో ఇంకా తేలలేదని అక్కడి అధికారి చెప్పాడు. కప్పడమైనా ఆలస్యంగా చేశామన్నాడు.

డ్రమ్ములన్నీ బోర్లించారు. నా ఎర్ర అంకెలు, నా తేదీలు, వరసగా. ఎండలో చూస్తే గుండ్రంగా, ముత్యాల్లాంటి రాత. ఒక మనిషి గునపంతో ఒక్కొక్కదాని అడుగున మూడు పోట్లు పొడిచాడు. నేను నెంబర్లు టిక్కు పెట్టుకున్నాను. అధికారి నాతో, "తప్పు మాది కూడా అమ్మా, ఆ డ్రమ్ములు ఇక్కణ్ణించి బయటికి రాకుండా ఉండాల్సింది" అన్నాడు. ఆయన మంచితనానికి అన్నాడు. ఆ మాట నేను ఇంటికి తెచ్చుకోలేదు. బయటికి వచ్చాక ఎనభై మూడు రోజులు ఎవరివి?

మా నూతినీళ్లు వాళ్లే పరీక్షకి పంపారు. అందులో ఆ మందు ఉందని వచ్చింది. నూతి మీద రాతిపలక వేయించాను. అదే ఎర్ర పెయింటుతో "తాగరాదు" అని రాసి, కింద తేదీ వేశాను. ఇంకుడు గుంత మట్టి తీయించడానికి మనుషుల్ని వెతుకుతున్నాం. కార్తీకంలో మా నూతినీళ్లు పట్టుకెళ్లే మూడిళ్లకీ నేనే వెళ్లి చెప్పాను.

నా జబ్బు దీనివల్లేనా అని డాక్టరుగారిని అడిగాను. "దీనివల్లే అని నేను చెప్పలేను, కాదనీ చెప్పలేను" అన్నారు. నిజం చెప్పారు. అవునంటే శిక్ష పడిందని ఊరట పడేదాన్నేమో. అదీ దొరకలేదు.

నూకాలు కూతురికి ఫిబ్రవరి పదకొండున ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారని ఆటో అతను చెప్పాడు. బారసాలకి మాకు పిలుపు రాలేదు. నూకాలు గేట్ బజారుకి వస్తూనే ఉంది. చింతపండు ఎదురు కొట్లో తీసుకుంటోంది.

మే 17

వారం కిందట మా గుమ్మం దగ్గర నిలబడింది. నేను లేచాను.

"లోపలికి రా, నూకాలూ."

"నాకీ బల్ల సాలు," అని ఎప్పటి చోటే కూర్చుంది. సుజాత మా అందరి గ్లాసుల్లోంచి ఒకటి తీసి మంచినీళ్లు ఇచ్చింది. కిటికీలో గ్లాసు జనవరి నుంచే లేదు. నూకాలు కిటికీ కేసి ఒకసారి చూసి, గ్లాసు పక్కన పెట్టింది. తాగలేదు.

"రెండు దొరికినాయి," అంది. "ఒకటి గిరిసోలలో మా ఆడపడుసు ఇంట్లో. ఒకటి తిప్ప మీద ఇసకలో కూరుకుపోయి. నీ అబ్బాయికి అప్పజెప్పీసినాను. ఇంకా ఎన్నున్నాయి?"

"అయిదు."

"వలస ఎల్లినోల్లు పట్టుకెల్లుంతారు. ఎవలెవలకి ఇచ్చీసినారో. నాను నోటితో సెప్పగలిగినకాడికి సెప్పినాను. మిగిలినోల్లకి నువ్వు రాయి. నీకు రాత వొచ్చు కదా."

"రాస్తాను."

"దాపెట్టకండా రాయి. ఎనబై మూడూ రాయి."

లేచి వెళ్లిపోయింది. నీళ్లు గ్లాసులో అలాగే ఉన్నాయి.

అందుకని రాశాను. గంజాం జిల్లాలోనో, ఇటు ఇచ్ఛాపురం వైపో, కూలికని వెళ్లిన ఏ ఊళ్లోనో మీ ఇంట్లో ఎవరో ఇచ్చిన పాత నీలం డ్రమ్ము ఉంటే, నీళ్లు పారబోయకుండా మూత పెట్టి పక్కన ఉంచండి. పెరట్లో పోస్తే నా నుయ్యిలాగే అవుతుంది. ఎంత కడిగినా లాభం లేదు, నేను పదకొండుసార్లు కడిగాను. గేట్ బజారులో తేదీలు వేసే ముసలమ్మ కొట్టెక్కడ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. కబురు పంపండి, మా అబ్బాయి వచ్చి కొత్తది ఇచ్చి అది తెచ్చుకుంటాడు.

రావాల్సిన నెంబర్లు 9, 23, 24, 38, 50. తిరగేసి అడుగున చూడండి. ఎర్ర పెయింటు, గుండ్రటి అంకెలు, కింద తేదీ ఉంటుంది. ఆ రాత నాది.